పిల్లల గదిలో నేల మీద ఏం వేశారు? ఫర్ కార్పెట్ కొని బుక్కయ్యాను

చిట్టి_వాళ్ళమ్మ
మాది మియాపూర్‌లో అద్దె ఫ్లాట్, మూడో అంతస్తు. పిల్లల గది 10కి 11 అడుగులు, నేలంతా అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్. బాబుకి నాలుగేళ్ళు, పాపకి తొమ్మిదో నెల. పోయిన వారం పాప కూర్చున్నది కూర్చున్నట్టే వెనక్కి పడింది. తల టైల్‌కి తగిలి టంగుమంది. డాక్టరు చూసి ఏం ఫరవాలేదన్నారు, పాప అప్పుడే మర్చిపోయింది కూడా. ఆ చప్పుడు మాత్రం నా చెవుల్లోంచి పోవడం లేదు.

ఆ రాత్రే నిద్ర పట్టక ఫోన్‌లో ఒక తెల్ల ఫర్ కార్పెట్ ఆర్డర్ పెట్టేశాను, 5కి 7. ఫొటోలో మబ్బు తునకలా ఉంది. ఇంటికొచ్చాక విప్పితే గదంతా రంగు డబ్బా వాసన. రోజూ పాప పిడికిట్లో తెల్ల నూగు. నిన్న నోట్లోంచి ఒక పోగు లాగాను. బాబు రెండు రోజుల నుంచి తుమ్ముతున్నాడు, అది దీనివల్లో వాతావరణం వల్లో తెలీదు. అత్తయ్యగారేమో "గొర్రెను తెచ్చి ఇంట్లో కట్టేశావు" అంటున్నారు.

తిరిగి పంపడానికి ఇంకా నాలుగు రోజుల టైముంది. బడ్జెట్ 5 వేలు, మరీ బాగుంటే 6. మీ ఇళ్ళల్లో ఏం వేశారు? పిల్లలకు ప్రమాదం లేకుండా, నాకు చాకిరీ పెరగకుండా ఉండాలి.

ఉప్పుచేప_పప్పుచారు
ముందు గొర్రెను ఊరికి పంపించండి. మిగతాది తర్వాత మాట్లాడదాం.

నైట్_షిఫ్ట్_నాన్న
నేను మూడు రకాలు కొని, రెండు పారేసి ఇక్కడికొచ్చాను.

మొదట పజిల్ మ్యాట్. అదే, ఇంగ్లిష్ అక్షరాలు ఊడొచ్చే రంగు రంగుల ఫోమ్ పలకలు. మావాడికి అప్పుడు పది నెలలు. నేను పక్క గదిలో మీటింగులో ఉండగా క్యూ అక్షరం తోక కొరికి దాన్ని ఓ చేశాడు. ఆ ముక్క నోట్లో దొరికింది కాబట్టి ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. ఆ రోజు మా ఆవిడ మొహం చూసుంటే మీకూ నవ్వు రాదు. ఊడొచ్చే చిన్న ముక్కలున్న మ్యాట్ మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో వద్దు. అంతే.

తర్వాత మీలాగే ఫర్. దాని గురించి మీకే తెలుసు.

మూడోది మడత పెట్టే ఎక్స్‌పీఈ (ఒక రకం ఫోమ్) మ్యాట్, ఒకే ముక్క, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల మందం. పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పాలు ఒలికినా, పాప ఉచ్చ పోసినా తడిగుడ్డతో తుడిచేయొచ్చు. రెండేళ్ళయింది, ఇంకా ఉంది. మడత దగ్గర పైపొర కాస్త లేచింది, అక్కడ టేపు వేశాను. మీ పాప వయసుకి తల దెబ్బల భయం పోవాలంటే నా ఓటు దీనికే.

కొత్తవాడ_అల్లుడు
ఇన్ని ప్లాస్టిక్ కబుర్లెందుకు, జంపఖానా వేసుకోండి. మా అత్తగారిది వరంగల్ కొత్తవాడ. అక్కడ మగ్గం మీద నేసిన నూలు జంపఖానాలు చూశాక ఫ్యాక్టరీ కార్పెట్ మీద మోజు పోయింది. నూగు ఉండదు, వాసన ఉండదు, రెండు వైపులా ఒకటే డిజైన్ కాబట్టి ఒకవైపు మాసిపోతే తిరగేయొచ్చు. 2018లో వరంగల్ జంపఖానాకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే ముద్ర) కూడా వచ్చింది. 4కి 6 ముక్క మీ బడ్జెట్‌లో రెండు వచ్చి ఇంకా మిగులుతుంది.

మా ఇద్దరు పిల్లలూ దాని మీదే పాకారు, దాని మీదే అన్నం పారబోశారు.

గ్రౌండ్_ఫ్లోర్_గోడు
నేను పిల్లలు లేని మనిషిని, అయినా మాట్లాడతా. మా పైన ఫ్లాట్‌లో నాలుగేళ్ళ పిల్లాడున్నాడు. పొద్దున ఆరుకి లారీ బొమ్మ తోలడం మొదలుపెడతాడు. నాకు వాడి దినచర్య మొత్తం తెలుసు. చిట్టి వాళ్ళమ్మ గారూ, మందంగా ఉన్నది ఏదైనా వేయండి, కింద ఉన్న మనిషి మీ పేరు చెప్పి దీపం పెట్టుకుంటాడు. పల్చటి జంపఖానాకి లారీ చప్పుడు ఆగదు.

చిట్టి_వాళ్ళమ్మ
@గ్రౌండ్_ఫ్లోర్_గోడు మీరు మియాపూర్ కాదు కదా? మా కింద వాళ్ళు ఈ మధ్య లిఫ్ట్‌లో పలకరించడం మానేశారు 😬

గ్రౌండ్_ఫ్లోర్_గోడు
కూకట్‌పల్లి. బతికిపోయారు.

బోర్లాపడితే_బొబ్బట్లు
జంపఖానా మంచిదే కానీ టైల్స్ మీద అది స్కేటింగ్ బోర్డు. మా పెద్దది పరుగున వచ్చి దాని మీద కాలేసింది. జంపఖానాతో సహా బీరువా దాకా వెళ్ళింది. రెండు కుట్లు పడ్డాయి. కొత్తవాడ అల్లుడు గారు ఆ సంగతి చెప్పలేదే?

కొత్తవాడ_అల్లుడు
ఒప్పుకుంటున్నా. మా ఇంట్లో నాపరాళ్ళు, గరుకుగా ఉంటాయి కాబట్టి జారదు. టైల్స్ అయితే కింద యాంటీ స్లిప్ నెట్ తప్పనిసరి. చిల్లుల జాలీలా ఉండి రోల్స్‌లో అమ్ముతారు. జంపఖానా కన్నా అన్ని వైపులా ఒక అంగుళం తక్కువ కత్తిరించాలి, అంచు బయటికి కనబడితే పిల్లలు దాన్నే లాగుతారు. నెట్ వేసే ముందు నేల మీద దుమ్ము లేకుండా తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. దుమ్ము మీద వేస్తే వేసినా వేయనట్టే.

పరీక్ష_నాళిక
ఫోమ్ మ్యాట్ల వాసన గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, విసుక్కోకండి. నాది కెమిస్ట్రీ.

పజిల్ మ్యాట్లు ఎక్కువగా ఈవీఏ అనే ఫోమ్‌తో చేస్తారు. ఆ ఫోమ్ పొంగడానికి వాడే మందు విరిగినప్పుడు ఫార్మమైడ్ అనే పదార్థం మిగిలిపోవచ్చు. గర్భంలో పిల్లలకు హాని చేసే పదార్థాల వర్గంలో యూరప్ వాళ్ళు దాన్ని చేర్చారు. 2010లో బెల్జియం ఈ కారణంతోనే పజిల్ మ్యాట్లను మార్కెట్‌లోంచి తీయించింది. 2015లో యూరోపియన్ యూనియన్ ఫోమ్ బొమ్మల్లోంచి గాల్లోకి ఎంత వరకు రావొచ్చో హద్దు కూడా పెట్టింది. అంటే ప్రతి మ్యాటూ విషం అని కాదు. ఇది ఆవిరయ్యే పదార్థం, కొత్తలోనే ఎక్కువ వస్తుంది. కాబట్టి ఏ ఫోమ్ మ్యాట్ తెచ్చినా కవరు విప్పి వారం పది రోజులు బాల్కనీలో నీడన ఆరేయండి, వాసన పోయాకే పాపను దాని మీదికి వదలండి. వారం దాటినా ఘాటు తగ్గకపోతే అది ఇంట్లో ఉండాల్సిన వస్తువు కాదు.

నైట్ షిఫ్ట్ నాన్న చెప్పిన ఎక్స్‌పీఈ వేరే రకం, పాలిథిలీన్ ఫోమ్. నాకు దాని మీద అంత అనుమానం లేదు. మెత్తటి పీవీసీ మ్యాట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. పీవీసీని మెత్తబరచడానికి థాలేట్లు కలుపుతారు, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అవి వద్దనే చాలా దేశాల్లో పరిమితులున్నాయి. డబ్బా మీద "నాన్ టాక్సిక్" అని రాసి ఉందని నమ్మేయకండి, ఆ మాట ఎవరైనా అచ్చేసుకోవచ్చు. ఏ పరీక్ష చేయించారో, ఏ ప్రమాణమో రాసి ఉందా చూడండి. బట్టల రకం కార్పెట్లకైతే ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అనే లేబుల్ ఉంటుంది, అందులో ఒకటో క్లాసు మూడేళ్ళ లోపు పిల్లల వస్తువులకు.

ఉప్పుచేప_పప్పుచారు
ఇంత చదివాక నాకు నా ఆఫీసు కుర్చీ మీద కూడా అనుమానం వస్తోంది.

నేల_తల్లి
ఒక్క మాట. మనందరం గచ్చు మీద, పేడ అలికిన నేల మీద పెరిగాం. తలలేమైనా పగిలాయా? పడతారు, లేస్తారు. "అడుగులేస్తే అరిసెలు" అన్నారు పెద్దలు, అడుగులేస్తే ఫోమ్ మ్యాట్ అనలేదు. ఏమీ వేయకండి, రోజూ రెండుసార్లు తడిగుడ్డ పెట్టించండి, అదే శుభ్రం.

నైట్_షిఫ్ట్_నాన్న
పేడ అలికిన నేల మెత్తగా ఉంటుందండీ. విట్రిఫైడ్ టైల్‌తో పోలికా? అరిసెలు కూడా టైల్ మీద పడితే పగులుతాయి.

నేల_తల్లి
మా అత్తగారు చేసిన అరిసె పడితే టైల్ పగులుతుంది.

బోర్లాపడితే_బొబ్బట్లు
😂😂 ఆవిడ ఈ వేదికలో సభ్యురాలు కాదని ఖాయం చేసుకున్నారా?

ఆవిరి_పట్టేవాడు
నేల తల్లి గారి మాటలో సగం నిజముంది. మా అమ్మాయికి పిల్లికూతలు (ఊపిరి తీస్తుంటే ఈల శబ్దం). దుమ్ము పురుగు పడదని పరీక్షలో తేలింది. కంటికి కనిపించని పురుగులు అవి, మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. గాల్లో తేమ ఉంటే పండగే వాటికి. పొడుగు నూగున్న కార్పెట్ అంటే వాటికి కల్యాణ మండపం కట్టించి ఇచ్చినట్టు.

మా డాక్టరు చెప్పింది వింటే మీరూ ఆశ్చర్యపోతారు: "కార్పెట్ సంగతి తర్వాత, ముందు దిండ్లు, పరుపు చూడండి. పిల్లలు ఎనిమిది పది గంటలు మొహం ఆనించి పడుకునేది వాటి మీద." మేము కార్పెట్ తీసేసి వీరుల్లా ఫీలయ్యాం, దిండు గలేబు మాత్రం నెల రోజుల నుంచీ మార్చలేదు. ఇప్పుడు దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళ సెట్టింగ్‌లో ఉతుకుతాం. ఆ వేడికి పురుగు చస్తుంది. నేల మీద 4కి 6 నూలు జంపఖానా ఒకటే, అది కూడా వాషింగ్ మెషీన్‌లో పట్టేది.

చిట్టి వాళ్ళమ్మ గారూ, బాబు తుమ్ములు కార్పెట్ వల్లో కాదో తేల్చడం సులువు. దాన్ని చుట్టి నాలుగు రోజులు వేరే గదిలో పడేయండి. తగ్గితే తెలిసిపోతుంది. తగ్గకపోయినా, ఊపిరిలో చప్పుడు వినిపించినా డాక్టరుకి చూపించండి, ఇక్కడ మమ్మల్ని అడగకండి.

చిట్టి_వాళ్ళమ్మ
చుట్టేశాను. చుడుతుంటే చేతులకి కూడా నూగే. బాబు ఏడ్చాడు, వాడు దానికి "తెల్లోడు" అని పేరు పెట్టాడట.

ప్లేనో_పిన్ని
ఇక్కడ టెక్సాస్‌లో మాది రివర్స్ కష్టం. ఇల్లంతా గోడ నుంచి గోడకి కార్పెట్, తీయడానికి లేదు. పాప వచ్చాక ఎవరింటికొచ్చినా చెప్పులు బయటే అని బోర్డు పెట్టాను (తెల్లవాళ్ళు కూడా ఇప్పుడు అలవాటు పడ్డారు). పప్పుచారు పడితే ఇంకంతే, పసుపు మరక జన్మలో పోదు. మీ టైల్స్ మీద నాకు అసూయగా ఉంది.

ఒక హెచ్చరిక: మా పాత అపార్ట్‌మెంట్‌లో వంటగది నేల వినైల్. దాని మీద రబ్బరు అడుగున్న మ్యాట్ ఏడాది ఉంచాం. తీసి చూస్తే మ్యాట్ సైజులో పసుపు ముద్ర! డిపాజిట్‌లో కోత పడింది. రబ్బరుకీ వినైల్‌కీ పడదట. టైల్స్‌కి ఆ బాధ లేదనుకుంటా కానీ అద్దె ఇళ్ళల్లో వినైల్ షీట్ వేసి ఉన్నవాళ్ళు చూసుకోండి.

కాలువ_గట్టు_ఏలూరు
ఊలు కార్పెట్ గురించి ఎవరూ ఎత్తకపోవడం మా ఊరికి అవమానం, అందుకే వచ్చాను. ఏలూరు తివాచీలు వందల ఏళ్ళ నాటివి, పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు తెచ్చిన విద్య అది. మా తాతగారి ఇంట్లో ఒకటి ఉండేది, నాకన్నా వయసులో పెద్దది.

ఊలులో ఒక మంచి గుణముంది, అంత తేలిగ్గా అంటుకోదు. అగ్గిపుల్ల పడితే మాడి ఆరిపోతుంది. పాలీప్రొపిలీన్, పాలియెస్టర్ అయితే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. దోమల కాయిల్, ఇస్త్రీ పెట్టె, దీపం ఉండే గదిలో ఇది ఆలోచించాల్సిన విషయమే.

కానీ నిజం చెప్పాలంటే తొమ్మిది నెలల పాపకి నేను ఊలు చెప్పను. కొత్తలో నూగు రాలుతుంది, ఉచ్చ పీల్చుకుంటుంది, ఇంట్లో ఉతకలేం, ధర మీ బడ్జెట్ దాటుతుంది. పిల్లలు ఐదారేళ్ళకొచ్చాక కొనుక్కోండి. కొనేటప్పుడు తిరగేసి చూడండి. వెనక కూడా డిజైన్ ముడులు ముడులుగా కనిపిస్తే చేతి ముడులది, అసలైనది. వెనక గుడ్డ అంటించి ఉంటే టఫ్టెడ్. లోపల పోగుల్ని పట్టి ఉంచేది లాటెక్స్ జిగురు. అది నాలుగైదేళ్ళకు ఎండి పొడిపొడిగా రాలుతుంది, కార్పెట్ ఎత్తితే నేల మీద ఇసకలా కనిపించేది అదే. పిల్లల గదిలో ఆ పొడి వద్దు.

ఇంకోటి. పిల్లల గదిలో వేసే తివాచీ ఇంకో పిల్లాడి చేతులతో నేయించింది కాకూడదు కదా. ఆ భయం లేకుండా ఉండటానికే 1994లో రగ్‌మార్క్ అనే ముద్ర మొదలైంది, బాలకార్మిక వ్యవస్థ మీద పోరాడే కైలాష్ సత్యార్థి గారి చొరవతో. ఇప్పుడు దాని పేరు గుడ్‌వీవ్. వెనక ఆ లేబుల్ ఉందేమో చూడండి.

కొత్తవాడ_అల్లుడు
ఏలూరాయన ఊరిని పొగిడి చివరికి జంపఖానాకే ఓటేశారు. ధన్యవాదాలు.

కాలువ_గట్టు_ఏలూరు
నేనెక్కడ వేశానండీ! ఊలు వద్దన్నాను, అంతే.

మధురవాడ_మీనాక్షి
ఊలుంటే చిమ్మటలు, చిమ్మటలంటే కలరా ఉండలు. దయచేసి పసిపిల్లల గదిలో ఆ నాఫ్తలీన్ ఉండలు పెట్టకండి. తెల్లగా పిప్పరమెంట్లలా ఉంటాయి, నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. జీ6పీడీ లోపం (రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకైతే వాసన తగిలినా రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంది, ఆ లోపం ఉన్నట్టు చాలామందికి ముందు తెలియదు కూడా. మా చెల్లెలి కొడుక్కి అలా అయ్యాకే మా ఇంట్లో ఎవరికైనా తెలిసింది. ఎండ, వేపాకు చాలు.

మా విశాఖ తేమకి ఫోమ్ అయినా జంపఖానా అయినా ఒకటే, కింద గాలి ఆడకపోతే బూజు.

చాప_కింద_నీరు
నా పేరుకు న్యాయం చేసే సందర్భం ఇప్పటికి వచ్చింది. మా ఇంట్లో పజిల్ మ్యాట్ ఆర్నెల్లు తీయలేదు. పైన రోజూ తడిగుడ్డతో తుడుస్తున్నాం, ఎంత శుభ్రమో అని మురిసిపోతున్నాం. ఆ తుడిచిన నీళ్ళే అతుకుల సందుల్లోంచి కిందికి దిగాయి. దసరాకి ఎత్తి చూస్తే నల్లటి బూజు, పాలు విరిగిన వాసన, ఒక బిస్కెట్టు, రెండు చీమల సైన్యాలు. సామెత ఎవరు పుట్టించారో గానీ మా గది చూసే పుట్టించి ఉంటారు.

వారానికి రెండుసార్లు ఎత్తి నిలబెట్టండి. ఎత్తడం కష్టమనిపించే సైజు కొనకండి.

మూడు_కుచ్చులు
అంచుల్లో కుచ్చులున్న జంపఖానా తీసుకోవద్దు. మా బుడ్డోడి కాలి వేలికి ఒక దారం చుట్టుకుంది, సాక్సు తీసేదాకా ఎవరం చూడలేదు. వేలు ఎర్రగా ఉబ్బిపోయింది. కుచ్చులుంటే కత్తిరించి అంచు కుట్టించేయండి. టైలరు అరగంటలో చేసిస్తాడు.

చిట్టి_వాళ్ళమ్మ
@మూడు_కుచ్చులు ఇది చదివి పాప కాళ్ళు పదిసార్లు చూసుకున్నాను.

ఇప్పటిదాకా నాకర్థమైంది: పాప వైపు ఎక్స్‌పీఈ, బాబు మంచం వైపు జంపఖానా. కానీ ఒక చిక్కు. తలుపు గది లోపలికి తెరుచుకుంటుంది. తలుపుకీ నేలకీ మధ్య వేలు కూడా పట్టదు. మందపాటి మ్యాట్ వేస్తే తలుపు తగులుతుందేమో?

టేపు_మేస్త్రి
ఖచ్చితంగా తగులుతుంది. సగం తెరుచుకుని ఇరుక్కునే తలుపు పిల్లల గదిలో మంచిది కాదు, లోపల పిల్లాడుండి మీరు తోస్తుంటే మ్యాట్ ముడతపడి ఇంకా బిగుసుకుంటుంది. మా సైటులో ఇలాంటివి రోజూ చూస్తా.

చేయాల్సింది: తలుపు పూర్తిగా తెరిచి నేల మీద అది తిరిగే మేర సుద్దతో గీయండి. ఆ గీత లోపల ఏమీ వేయకండి. మీ గదిలో తలుపుకి ఇంచుమించు రెండున్నర మూడు అడుగులు పోతుంది. బీరువా తలుపు కూడా గీయండి, అందరూ దాన్ని మర్చిపోతారు. మిగిలిన చోటు కొలిచి అప్పుడు ఆర్డర్ పెట్టండి. 8కి 10 ఒకే ముక్క కొంటే మంచం కాళ్ళ కింద ఇరికించాలి, ఇరికిస్తే ఇక ఎత్తరు, ఎత్తకపోతే చాప కింద నీరు గారి కథే.

బోర్లాపడితే_బొబ్బట్లు
ఈ వేదికలో మొదటిసారి ఒకాయన కొలత టేపుతో వచ్చాడు. 👏

ఆవిరి_పట్టేవాడు
టేపు మేస్త్రి చెప్పిన చిన్న సైజుకి ఇంకో లాభం, ఉతకడం. నూలు జంపఖానా తడిస్తే బరువు మూడింతలైనట్టుంటుంది. 6కి 9ది ఏడు కిలోల మెషీన్‌లో కుక్కి నేను బేరింగ్ పోగొట్టుకున్నాను. 4కి 6 అయితే ఒకటొకటిగా పడుతుంది. మొదటిసారి విడిగా ఉతకండి, ఎరుపు రంగు ఒకసారి దిగుతుంది. పాప నోట్లో పెట్టుకుంటుందని భయమైతే తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దండి, గుడ్డకి రంగంటితే అది తీసుకోవద్దు.

ప్లేనో_పిన్ని
రంగుల మాటొచ్చింది కాబట్టి: తెలుగువాళ్ళ ఇంట్లో తెల్ల కార్పెట్ ఎవరు డిజైన్ చేశారో వాళ్ళకి ఒకసారి ఆవకాయ అన్నం కలిపి పెట్టాలి.

నేల_తల్లి
ఇంతమంది ఇంత చెప్పాక నేనూ కాస్త తగ్గుతాను. పాకే వయసు దాకా ఏదో ఒకటి వేసుకోండి. కానీ ఎండాకాలం ప్లాస్టిక్ మ్యాట్ మీద పిల్లలకి చెమటపొక్కులు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మా ఇంట్లో తుంగ చాపే. చల్లగా ఉంటుంది, చుట్టి మూల నిలబెట్టొచ్చు. అంచు పుల్లలు లేచి గుచ్చుకుంటాయని ముందే చెప్తున్నా, గుడ్డ పట్టీ కుట్టించుకోండి. జనపనార రగ్గులు మాత్రం వద్దు, ఫొటోల్లో అందంగా ఉంటాయి, పాకితే మోకాళ్ళు గీరుకుపోతాయి. నీళ్ళు పడితే గోధుమ రంగు మరక, తడి గోనెసంచి కంపు.

పరీక్ష_నాళిక
ఇంకొకటి మర్చిపోయాను. ఫోమ్ అయినా ఫర్ అయినా పాపను దాని మీదే నిద్రపుచ్చే అలవాటు చేయకండి. మెత్తటి నూగులో బోర్లా పడుకుంటే ముక్కు కూరుకుపోతుంది. పసిపిల్లల పడక గట్టిగా, బల్లపరుపుగా ఉండాలి. ఆట చాప ఆటకే. మంచం మీంచి పడతారని కింద మ్యాట్ వేయడం కూడా సగం పరిష్కారమే, పరుపును నేల మీదికి దించేస్తే పడే ఎత్తే ఉండదు.

నైట్_షిఫ్ట్_నాన్న
దానికి నా ఓటు. మా మంచం రెండేళ్ళ నుంచి అటక మీదుంది.

పెళ్ళికాని_ప్రసాదం
నాకు పిల్లలు లేరు, పెళ్ళి కూడా కాలేదు, ఈ థ్రెడ్ రాత్రి ఒంటిగంట దాకా ఎందుకు చదివానో తెలీదు. జంపఖానా మాత్రం ఆర్డర్ పెట్టాను.

చిట్టి_వాళ్ళమ్మ
అప్‌డేట్ ఇద్దామని వచ్చాను, మూడు వారాలైంది.

తెల్లోడు వెళ్ళిపోయాడు. తీసుకెళ్ళడానికి వచ్చిన అబ్బాయి "మేడం, ఇది ఈ వారంలో నాలుగోది" అన్నాడు. బాబు తుమ్ములు కార్పెట్ చుట్టిన మూడో రోజుకి తగ్గాయి. దిండు గలేబులు కూడా అదే రోజు మార్చాను కాబట్టి ఏది పనిచేసిందో చెప్పలేను. (ఆవిరి పట్టేవాడు గారూ, మా దిండు ఎండలో దులిపితే వచ్చిన దుమ్ము చూసి సిగ్గేసింది.)

టేపు మేస్త్రి గారు చెప్పినట్టు తలుపు, బీరువా గీతలు గీశాను. బాబు ఆ సుద్ద గీతను రైలు పట్టా అనుకుని ఇప్పటికీ చెరపనివ్వడం లేదు. మిగిలిన చోట గోడవారగా ఎక్స్‌పీఈ మ్యాట్, సుమారు 5కి 6. తొమ్మిది రోజులు బాల్కనీలో ఆరేశాను. మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ వాసన ఉంది, తర్వాత పోయింది. పాప మొన్న దాని మీద మళ్ళీ వెనక్కి పడింది. ధబ్ మంది, టంగుమనలేదు. అదే నవ్వుకుంటూ లేచింది.

బాబు వైపు వరంగల్ జంపఖానా 4కి 6 ఒకటి, నీలం, కుచ్చులు లేనిది, కింద నెట్. మొదట నెట్ వేయకుండా చూద్దామనుకున్నా, మా ఆయన "ఏం కాదు" అని కాలేసి తనే జారాడు. ఇప్పుడు ఆయనే వెళ్ళి నెట్ తెచ్చాడు. బోరు నీళ్ళల్లో ఉతికాక కాస్త అప్పడంలా గట్టిపడింది, దానికేమైనా ఉపాయముందా?

మొత్తం 5,300 అయింది. మంచం ఇంకా దించలేదు, ఇంట్లో చర్చ నడుస్తోంది.

కొత్తవాడ_అల్లుడు
ఆరబెట్టేటప్పుడు ఇద్దరు చెరోవైపు పట్టుకుని గట్టిగా దులపండి. చివరి నీళ్ళు మంచినీళ్ళయితే ఇంకా మంచిది. మిట్ట మధ్యాహ్నం ఎండలో గంటల తరబడి వదలకండి, నీలం వెలుస్తుంది. నాలుగు ఉతుకులకు మెత్తబడుతుంది.

గ్రౌండ్_ఫ్లోర్_గోడు
మీ కింద వాళ్ళు లిఫ్ట్‌లో పలకరిస్తున్నారా?

చిట్టి_వాళ్ళమ్మ
మొన్న నవ్వారు. రైలు పట్టా ఉన్న వైపు మాత్రం ఇంకా ఉత్త టైలే.

గ్రౌండ్_ఫ్లోర్_గోడు
ఆ రైలు టైమింగ్స్ వాళ్ళకి ముందే చెప్పండి.

ఉప్పుచేప_పప్పుచారు
అత్తయ్యగారు ఏమంటున్నారో చెప్పలేదు.

చిట్టి_వాళ్ళమ్మ
మధ్యాహ్నం భోజనం కాగానే జంపఖానా మీద ఆవిడే పడుకుంటున్నారు. బాబుకి రెండో జంపఖానా కొనాల్సి వచ్చేలా ఉంది. ఏ రంగు తీసుకోను?